నవలా, నాటకమా అని అడిగిన అబ్బాయికి

మల్లేశ్వరం, బెంగళూరు

నాయనా,

నీ నవల, నాటకం రెండూ చదివాను. నాటకాన్ని పైకే చదువుకున్నాను, కింది వాటాలో ఉండే ఆవిడ వచ్చి ఎవరితో పోట్లాడుతున్నారని అడిగేదాకా. వాటితో పాటు పెట్టిన ఉత్తరంలో నాలుగు సంగతులు అడిగావు. ఉద్యోగం మానెయ్యనా, సొంత పేరుతో వెయ్యనా, ముందు నవలా నాటకమా, ఒకసారి గే రచయిత అన్నాక ఇక జీవితాంతం అదేనా. నువ్వడిగిన వరసలో చెప్పను. నాకు ఏది తొందర అనిపిస్తే అది ముందు చెప్తాను.

నీకు రాయడం వచ్చు. ఈ మాట ఒక్కసారి చెప్పి వదిలేస్తాను, మళ్ళీ మళ్ళీ చెప్తే చెడిపోతావు. మదనపల్లె బస్టాండులో తెల్లవారుజామున ఆ ఇద్దరు కుర్రాళ్ళూ ఒకే గ్లాసులో టీ పంచుకునే అధ్యాయంలో ప్రేమ అన్న మాటే లేదు. కండక్టరు ‘బెంగళూరు, బెంగళూరు’ అని అరుస్తుంటే ఒకడు బస్సెక్కుతాడు, ఒకడు ఆగిపోతాడు. అంతే. ఆ నాలుగు పేజీలు రాసినవాడే నాటకంలో హీరో చేత స్వలింగ సంబంధాన్ని నేరంగా చూసిన సెక్షన్ 377 మీద పేజీన్నర ఉపన్యాసం ఎందుకు చెప్పించాడో నాకు అర్థం కాలేదు. దాని సంగతి తర్వాత చూద్దాం.

ముందు ఉద్యోగం. మానొద్దు. దీని మీద రెండో మాట లేదు. తెలుగులో నవల వేస్తే ఐదొందల కాపీలు, మహా అయితే వెయ్యి. మంచి మంచి వాళ్ళ పుస్తకాలకే ఆ ఐదొందలూ కదలడానికి ఏళ్ళు పడుతుంది. చాలామంది డీటీపీకీ అచ్చుకీ తమ డబ్బే పెట్టుకుంటారు. అమ్మిపెట్టేవాళ్ళ కమీషన్ పోను చేతికొచ్చేది ఇంకో పుస్తకం కాగితానికి కూడా చాలదు. నాటకమైతే ఎదురు ఖర్చు. హాలు అద్దె, లైట్లు, సెట్టు, రిహార్సల్ రోజుల్లో అందరి టిఫిన్లూ కాఫీలూ. టికెట్ల డబ్బు వాటికి సరిపోయిందంటే ఆ రోజు ఇంటికెళ్ళి పాయసం చేసుకో.

అయితే మనలాంటి వాళ్ళకు జీతం అంటే తిండీ అద్దే ఒక్కటే కాదు. ‘పెళ్ళి చేసుకుంటేనే ఈ గడప తొక్కు’ అని ఇంట్లో అన్న రాత్రి నీకంటూ ఒక గది, ఆ గదికి అద్దె కట్టే బ్యాంకు ఖాతా ఉండాలి. అది లేని కుర్రాళ్ళు పుస్తకాన్నే కాదు, తమను తామే వెనక్కి తీసుకోవడం చూశాను. నీ మరాఠహళ్ళి పీజీ ఎంత దరిద్రంగా ఉన్నా, అది నీ జీతంతో కడుతున్న గది. రాత్రి పదింటి నుంచి పన్నెండింటి దాకా రాసుకో. శనివారాలు రాసుకో. కంపెనీ లాప్‌టాప్‌లో మాత్రం ఒక్క పేరా కూడా రాయకు, దాచకు.

ఇక నవలా నాటకమా అన్నది. రెండూ. ఒకటి వదిలి ఒకటి పట్టుకోవద్దు. ఈ ఉత్తరంలో నేను చెప్పాలనుకున్నదంతా ఈ ఒక్క మాట చుట్టూనే ఉంది కాబట్టి కొంచెం నిదానంగా చెప్తాను.

అమెరికాలో గోర్ విడాల్ అని ఒకాయన ఉండేవాడు. ఇరవై రెండేళ్ళ వయసులో, 1948లో, ఇద్దరు మగవాళ్ళ ప్రేమ మీద నవల వేశాడు. పుస్తకం బాగానే అమ్ముడైంది. కానీ ఆ తర్వాత వచ్చిన ఆయన నవలలను న్యూయార్క్ టైమ్స్ పట్టించుకోవడం మానేసింది. సమీక్ష రాకపోతే అక్కడ నవల పుట్టనట్టే లెక్క. ఆయన ఏం చేశాడంటే, ఎడ్గార్ బాక్స్ అని మారుపేరు పెట్టుకుని డిటెక్టివ్ నవలలు రాశాడు. టీవీకి నాటకాలు రాశాడు. 1955లో టీవీలో వచ్చిన ఆయన నాటకం 1957లో బ్రాడ్వే, అంటే న్యూయార్క్ పెద్ద నాటకశాలల మెట్లు, ఎక్కింది. 1960లో అధ్యక్ష ఎన్నికల రాజకీయాల మీద రాసిన ఇంకో నాటకం ఐదొందల పైచిలుకు ఆటలు ఆడింది. నాటకాలు పెట్టిన అన్నం తిని మళ్ళీ నవలల్లోకి వచ్చి, చివరిదాకా పెద్ద నవలాకారుడుగానే బతికాడు. పత్రికల వాళ్ళు ఒక వైపు దారి మూస్తే, పత్రికలతో పనిలేని జనం ఉన్న వైపు నడిచాడు.

దానికి తలకిందులుగా జరిగింది ఆస్కార్ వైల్డ్‌కు. 1895 మొదట్లో లండన్‌లో ఆయన నాటకాలు రెండు ఒకేసారి ఆడుతున్నాయి, ఊరంతా ఆయన మాటలే. మగవాళ్ళతో సంబంధాలున్నాయని ఏప్రిల్‌లో అరెస్టు చేశారు. థియేటర్ల వాళ్ళు మొదట పోస్టర్ల మీద పేరు కొట్టేసి ఆట మాత్రం నడిపించారు. కొన్ని వారాలకు ఆటలే ఆపేశారు. మే నెలలో రెండేళ్ళ కఠిన శిక్ష. నాటకంతో వచ్చే చిక్కు ఇదే, నాయనా. దానికి పదిమంది కావాలి. ఆ పదిమందిలో హాలు ఓనరు భయపడినా, హీరో వేసేవాడి మామగారు భయపడినా ఆట ఆగిపోతుంది. నవలకు ఒక్కడివి చాలు. కాబట్టి జనం భయపడే కాలంలో నవల నిన్ను నిలబెడుతుంది, సంపాదకులు భయపడే కాలంలో నాటకం నిలబెడుతుంది. రెండూ చేతిలో ఉన్నవాణ్ణి ఆపాలంటే జనమూ సంపాదకులూ ఇద్దరూ కూడబలుక్కోవాలి.

మూడో రకం ఇ. ఎం. ఫార్స్టర్. మన దేశం వచ్చి, దేవాస్ సంస్థానంలో పనిచేసి, మన మీద నవల రాసిన పెద్దమనిషే. 1913, 14 ప్రాంతంలో ఇద్దరు మగవాళ్ళ ప్రేమ కథ రాశాడు, అదీ సుఖాంతంగా. స్నేహితులకు చూపించి పెట్టెలో పెట్టుకున్నాడు. ఆయన 1970లో పోయాడు, పుస్తకం 1971లో వచ్చింది. 1924 తర్వాత ఇంకో నవల ఆయన బతికుండగా వెయ్యనే లేదు. ఇంగ్లండులో 1967 దాకా అది జైలుకు పంపే నేరం, కాబట్టి పెట్టెలో ఎందుకు పెట్టాడని నేను అడగను. రాయాలనుకున్నది వెయ్యలేని మనిషికి మిగతా నవలలు కూడా రాయబుద్ధి కాకపోవడమే నన్ను బాధపెడుతుంది. నువ్వు ఏదన్నా పెట్టెలో పెట్టదలిస్తే పెట్టు, కానీ దాని పక్కనే ఇంకోటి రాస్తూ ఉండు.

మన ఊరి సంగతికి వద్దాం. వసుధేంద్ర గారిని చదివావా? బళ్ళారి జిల్లా సండూరు మనిషి, నీలాగే సాఫ్ట్‌వేర్‌లో ఏళ్ళ తరబడి పనిచేశారు. కన్నడంలో కథలు, వ్యాసాలు రాసి పాఠకులను సంపాదించుకున్నారు. ఛంద పుస్తక అని సొంత ప్రచురణ సంస్థ పెట్టి కొత్తవాళ్ళ కథలు అచ్చేశారు. అదంతా అయ్యాక 2013లో స్వలింగ ప్రేమ కథల పుస్తకం ‘మోహనస్వామి’ వేసి, ఆ కథల వెనక ఉన్నది తన బతుకేనని దాపరికం లేకుండా చెప్పుకున్నారు. తెలుగులోకీ వచ్చింది, తెచ్చుకుని చదువు. కథలు ఎలాగూ నచ్చుతాయి, వాటితో పాటు వరస చూడు. పాఠకులు ఆయనకు ముందే ఉన్నారు. అచ్చు ఆయన చేతిలోనే ఉంది. ఎవరో సంపాదకుడు ముఖం చిట్లిస్తే ఆగే పరిస్థితి కాదు. ఆ ఏడాది డిసెంబరు 11నే సుప్రీంకోర్టు 377ను మళ్ళీ నిలబెట్టింది, గుర్తుందా? 2009లో ఢిల్లీ హైకోర్టు అది నేరం కాదని ఇచ్చిన ఊపిరి పోయింది. అలాంటి గాలిలో కూడా ఆ పుస్తకం తిరిగిందంటే కారణం ఆ పాత పునాదే అని నా నమ్మకం.

నాటకానికి మహేశ్ దత్తాని గారి లెక్క చూడు. ఈ ఊళ్ళో పుట్టి పెరిగిన గుజరాతీ. 1984లో ప్లేపెన్ అని బృందం పెట్టారు. ఇతరుల నాటకాలు ఆడుతూ ఆడుతూ 1988లో సొంత నాటకం ఎక్కించారు. స్వలింగ ప్రేమ ఆయన రంగస్థలం మీదికి మధ్యతరగతి డ్రాయింగు రూముల్లోంచి, అన్నదమ్ముల గొడవల్లోంచి, ఆస్తి తగాదాల్లోంచి నడిచి వచ్చింది. 1998లో సాహిత్య అకాడమీ ఇచ్చారు, ఇంగ్లీషులో రాసిన నాటకకర్తకు అదే మొదటిసారి. ముందు బృందం, తర్వాత నాటకం. నువ్వు నాటకం చేతిలో పట్టుకుని బృందం కోసం వెతుకుతున్నావు.

కాబట్టి చెయ్యవలసింది ఇది. ఎవరింట్లోనైనా ఒక హాల్లో పదిహేను మందిని కూర్చోబెట్టి నాటకం చదివించు. నువ్వు చదవకు, వేరేవాళ్ళ చేత చదివించు. నువ్వు మూల కూర్చుని జనాన్ని చూడు. ఎక్కడ ఫోను తీశారో అక్కడ గీత పెట్టు. 377 ఉపన్యాసం దగ్గర అందరూ తీస్తారు, ఇప్పుడే చెప్తున్నాను. కోర్టు తీర్పు హీరో చెప్పక్కర్లేదు. 2018 సెప్టెంబరు 6 సాయంత్రం, మన ప్రేమ నేరం కాదని సుప్రీంకోర్టు చెప్పిన ఆ వార్తే టీవీలో వస్తుంటే, అమ్మ రిమోట్ అందుకుని సీరియల్ పెట్టిందనుకో. కొడుకు ఏమీ అనడు. ప్రేక్షకుడికి అన్నీ తెలుస్తాయి. నీ బస్టాండు అధ్యాయంలో చేసిన పనే ఇక్కడా చెయ్యి.

భాష సంగతి. నీ నాటకంలో అందరూ ఒకే తెలుగు మాట్లాడుతున్నారు, అదీ పత్రిక తెలుగు. ఇది బెంగళూరయ్యా. ఇంటి ఓనరు కన్నడంలో అరవాలి. అమ్మ మదనపల్లె మాట మాట్లాడాలి, ‘ఏమి నాయనా, ఎట్లుండావు’ అని. ఆ రెండో అబ్బాయిది వాణియంబాడి అని రాశావు కదా, వాడికి తెలుగు ముక్కలు ముక్కలుగా రావాలి, కోపమొస్తే అరవం దూకాలి. ప్రేమలో ఉన్న ఇద్దరికి ఒకరి భాష ఒకరికి సగమే రావడంలో ఎంత నాటకముందో చూడు, అప్పనంగా దొరికింది, వదులుకుంటున్నావు. పైగా అలా రాస్తే కన్నడం వాళ్ళూ కూర్చుని చూస్తారు. ఈ ఊళ్ళో తెలుగు నాటకాన్ని తెలుగువాళ్ళ కోసమే ఆడితే హాలు నిండదు.

హాలు అంటే గుర్తొచ్చింది. మొదటి ఆటకే జేపీ నగర్ రంగశంకర కలలు కనకు. 2004లో నటి అరుంధతీ నాగ్ గారు పట్టుబట్టి నిలబెట్టిన చోటు అది. అక్కడి ప్రేక్షకుడు చెయ్యి తిరిగినవాడు. కన్నడం, హిందీ, ఇంగ్లీషు, మరాఠీ అన్నీ చూసి ఉంటాడు, తెలుగు అంటే జంకడు, కానీ పచ్చి నాటకాన్ని క్షమించడు. ఆట మొదలయ్యాక మంత్రి వచ్చినా తలుపు తియ్యరు, అదే క్రమశిక్షణ నటుల నుంచి కూడా ఆశిస్తారు. ముందు చిన్న చోట్ల ఆడు. మేడ మీద, కాలేజీ గదిలో, యాభై కుర్చీల స్టూడియోలో. ఈలోగా నెలకు రెండు మూడు నాటకాలు రంగశంకరలోనూ, జేసీ రోడ్డు రవీంద్ర కళాక్షేత్రలోనూ టికెట్ కొని చూడు. ఎవడు లైటు ఎక్కడ వేశాడో రాసుకో. రంగశంకర క్యాఫేలో సాబుదానా వడ బాగుంటుంది, నటులను అక్కడ పట్టుకోవడం తేలిక.

మన తెలుగువాళ్ళ సభలకు, వయ్యాలికావల్‌లో కృష్ణదేవరాయ కళామందిరం లాంటి చోట్లకు వెళ్ళాలనుకుంటే అక్కడి జనం వేరని గుర్తుపెట్టుకో. ఉగాదికి పిల్లల డాన్సులు చూడటానికి వచ్చిన కుటుంబాలు. వాళ్ళను నేను చిన్నచూపు చూడను, మా అక్కచెల్లెళ్ళు వాళ్ళే. ఆంధ్రలో నాటక పోటీలు పెట్టే పరిషత్తులకు పంపమని ఎవరో చెప్పారన్నావు. పరిషత్తు నాటిక గంటలో ముగియాలి, ఆఖర్న హాలంతా ముక్కు చీదాలి. నీ నాటకం అలా మలచాలంటే ఇద్దరిలో ఒకణ్ణి చంపాలి. చంపకు. మన మనుషులను చంపి చప్పట్లు కొట్టించుకున్న కథలు చాలానే ఉన్నాయి. ఒక పరిషత్తు పెద్దాయన నా నాటిక చదివి ‘అంతా బాగుంది కానీ రెండో కుర్రాణ్ణి ఆడపిల్లను చేస్తే బహుమతి గ్యారంటీ’ అన్నాడు. ఆ మాట నిజమేనని ఇప్పటికీ అనుకుంటాను. బహుమతి వచ్చి ఉండేది.

దీనిలో తమాషా ఏమిటంటే, ఆడవేషం మీద మనవాళ్ళకు ఎన్నడూ అభ్యంతరం లేదు. స్థానం నరసింహారావు గారు సత్యభామగా జడ పట్టుకుని నడిచొస్తే మా తాతలు వన్స్‌మోర్ కొట్టారు, ప్రభుత్వం 1956లో పద్మశ్రీ ఇచ్చింది. కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణ శర్మ గారి భామాకలాపం చూసి ఆడవాళ్ళే అసూయపడ్డారు. వేషం కళ, దానికి దండం పెడతారు. ఇద్దరు మగవాళ్ళు ప్యాంటూ చొక్కాల్లో, వేషం లేకుండా, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుంటేనే కుర్చీలు కిర్రుమంటాయి. ఆ కిర్రు నీ నాటకానికి కావాలి. దానికోసం ముద్దులు పెట్టించక్కర్లేదు, చెయ్యి చాలు. ఎప్పుడు పట్టుకుంటారు, ఎంతసేపు, ఎవరు ముందు వదిలేస్తారు అన్నదే నీ రెండో అంకం.

నటుల విషయం ముందే తేల్చుకో. మన తెలుగు నటులంతా వారాంతపు నటులు. ఎలక్ట్రానిక్ సిటీ నుంచి సిల్క్ బోర్డు దాటుకుని రాత్రి ఎనిమిదిన్నరకు వస్తారు. వాళ్ళకు స్క్రిప్టు మొత్తం మొదటిరోజే చేతికివ్వు. ఆ చెయ్యి పట్టుకునే దృశ్యం మొదటి వారంలోనే రిహార్సల్ చెయ్యి. ఆఖరికి తోసేస్తే ప్రదర్శనకు పది రోజుల ముందు ‘మా ఆవిడ ఒప్పుకోవట్లేదు సార్’ అని ఒకడు తప్పుకుంటాడు, పోస్టరు మీద వాడి బొమ్మ ఉంటుంది. ఎవరు గే, ఎవరు కాదు అని అడగకు. అది నీకు అనవసరం. పాత్ర చేస్తాడా లేదా అన్నదే అడుగు. అతని ఫొటో ఎక్కడెక్కడ వాడతావో కూడా ముందే చెప్పు, ఆ కుర్రాడికి రేపు పెళ్ళిసంబంధాలు చూస్తారు, పత్రికలో ఒక బొమ్మ చాలు.

సొంత పేరు గురించి. మారుపేరు నామోషీ కాదు, విడాల్ కథ చెప్పాను కదా. నవలకు మారుపేరు పనికొస్తుంది. నాటకానికి నిలవదు. రిహార్సల్‌లో నువ్వుండాలి, ఆట రోజు నువ్వుండాలి, చివర్లో నిన్ను వేదిక మీదికి పిలుస్తారు. పదిమంది నటులకు తెలిసింది మదనపల్లెకు తెలియడానికి ఎంతసేపు? అందుకని నాటకం ఎక్కించాలనుకున్న రోజే ఇంట్లో చెప్పే రోజు కూడా ఖాయం చేసుకోవాలి. ఆట కన్నా అది ముందు రావాలి. ఎవరో ముఖచిత్రం వాట్సాప్‌లో పంపి ‘ఇది మీ వాడేనా’ అని మీ నాన్నను అడిగేలోపు నువ్వు చెప్పి ఉండాలి. పుస్తకం చేత చెప్పించకు. పుస్తకాన్ని ఎదురు ప్రశ్న అడగలేరు, నిన్ను అడగగలరు, వాళ్ళకు ఆ అవకాశం ఇవ్వు.

ముందు మీ అక్కకు చెప్పు. అత్తగారి వైపు ఏమంటారో అన్న భయం ఆమెకు ఉంటుంది, దాన్ని తేలిగ్గా తీసెయ్యకు. తర్వాత అమ్మకు. నాన్నకు ఎలా చెప్పాలో అమ్మే చూసుకుంటుంది, చాలా ఇళ్ళలో అంతే. పండగ రోజున చెప్పకు. పెళ్ళిచూపులు కుదిరేదాకా మాత్రం అస్సలు ఆగకు, అక్కడ ఇంకో పిల్ల బతుకు ఉంది. డాక్టరు దగ్గరికి పద అంటారు. మద్రాసు హైకోర్టులో జస్టిస్ ఆనంద్ వెంకటేశ్ గారు 2021లో ఇచ్చిన ఉత్తర్వుల తర్వాత, 2022లో నేషనల్ మెడికల్ కమిషన్, ‘మార్చేస్తాం’ అని చేసే వైద్యం వృత్తి దుష్ప్రవర్తన కిందికి వస్తుందని చెప్పింది. ఆ ముక్క ప్రింటు తీసి జేబులో పెట్టుకో. నీకు మాట్లాడుకోవడానికి మనుషులు కావాలంటే ఈ ఊళ్ళో 1990ల నుంచి గుడ్ యాజ్ యూ అనే బృందం ఉంది. రాసేవాళ్ళతోనే మాట్లాడితే పిచ్చెక్కుతుంది, మామూలు మనుషులతోనూ మాట్లాడు.

చట్టం నీకు ఎంతవరకు కాపలా కాస్తుందో కూడా తెలిసి ఉండాలి. 2018 తీర్పుతో నువ్వు నేరస్థుడివి కాదు. 2023 అక్టోబరు 17న సుప్రీంకోర్టు పెళ్ళి హక్కు మాత్రం ఇవ్వలేదు. గే అన్న కారణంగా ప్రైవేటు కంపెనీ ఉద్యోగం తీసెయ్యకుండా ఆపే ప్రత్యేక చట్టం మనకు లేదు. ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు 2019 చట్టంలో ఆ రక్షణ రాశారు, మనకు రాయలేదు. కాబట్టి నీ కంపెనీ పాలసీ పుస్తకం తీసి వివక్ష గురించి ఏం రాశారో, బయట రచనలు చేసుకోవడానికి ముందస్తు అనుమతి కావాలో అక్కర్లేదో చదువు. పెద్ద కంపెనీలు కొన్ని బాగానే రాసుకున్నాయి.

ఇప్పుడు నీ నవలలో నన్ను నిజంగా ఇబ్బంది పెట్టిన సంగతి. మూడో భాగంలో వచ్చే ఆ హెచ్ఆర్ మనిషి. ఎడమ కనుబొమ్మ మీద మచ్చ, గుంతకల్లు రైల్వే కాలనీ, భార్య డెంటిస్టు, ఇద్దరు ఆడపిల్లలు. పేరు మార్చానంటావు. మరాఠహళ్ళిలో ఉన్న తెలుగువాళ్ళలో సగం మంది ఈ వివరాలతో అతన్ని పట్టేస్తారు. నీ సంగతి నువ్వు చెప్పుకోవడం నీ ఇష్టం, అతని సంగతి చెప్పే అధికారం నీకు లేదు. అతను నిన్ను మోసం చేశాడని నీకు కోపం. ఆ కోపం పేజీలో కనిపిస్తోంది, అందుకే ఆ భాగం బలహీనంగా ఉంది. ఊరు మార్చు, వృత్తి మార్చు, మచ్చ తీసెయ్యి. అంతకన్నా ముఖ్యంగా, అతను ఇంటికెళ్ళి పిల్లల చేత ఎక్కాలు చెప్పించే ఒక రాత్రి అతని వైపు నుంచి రాయి. అప్పుడు అతను నీకు తెలిసిన మనిషి కాకుండా పోతాడు, పాత్ర అవుతాడు. సరైన దారిలో ఉన్నావని అప్పుడే నమ్ముతాను. అలాంటి ఇంకొకరు ఎవరైనా పోల్చుకునేలా ఉంటే రాతప్రతి వాళ్ళకు ముందే చూపించు.

కాగితాల పని తొందరగా చెప్పేస్తాను, నాకూ విసుగే. ‘సర్వహక్కులూ మీకే’ అని సంతకం పెట్టకు. అచ్చు హక్కు, ప్రదర్శన హక్కు, అనువాదం, ఆడియో, సినిమా, అన్నీ విడివిడి. ఎవరికి ఏది ఇస్తున్నావో, ఎన్నేళ్ళకో, ఎక్కడికో రాయించుకో. 1957 కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ రచయిత పక్షాన ఉంటుంది. గడువు రాయకపోతే ఐదేళ్ళు, ప్రాంతం రాయకపోతే ఇండియా అనే లెక్క. హక్కు తీసుకుని ఏడాదిలోగా వాడకపోతే, ఒప్పందంలో వేరేగా లేనంతవరకు, అది నీకే తిరిగొస్తుంది. హక్కులు నువ్వు పోయాక కూడా అరవై ఏళ్ళుంటాయి, అందుకని ఎవరికి చెందాలో వీలునామాలో రాసుకో. మనకు భార్యాపిల్లలు లేరు, చట్టం చూసే వారసులు వేరు, మనతో కాపురం చేసినవాడు వేరు. ఈ వయసులో నీకు నవ్వొస్తుంది. రాయి. ఓటీటీ కుర్రాళ్ళు కాఫీకి పిలిచి కథ చెప్పమంటారు, చెప్పేముందు కథాసారం ఈమెయిల్‌లో పంపి పెట్టుకో.

చివరిది, గే రచయిత అన్న ఆ ముద్ర. పడుతుంది. మొదటి పుస్తకానికి దాంతో లాభమే. ప్రైడ్ నెలలో సభలకు పిలుస్తారు, ఇంటర్వ్యూలు అడుగుతారు, దారి ఖర్చులు ఇవ్వరు. వెళ్ళు. రెండో ఏడాది అదే సభకు అదే ప్రశ్నకు పిలిస్తే, కొత్త పని మీద మాట్లాడనిస్తేనే వస్తానని చెప్పు. ప్రచురణకర్తలకు రచయిత ఒక గదిలో ఉంటే సుఖం. అమెరికా నల్లజాతి రచయిత జేమ్స్ బాల్డ్విన్ మొదటి నవల 1953లో నల్లవాళ్ళ చర్చి జీవితం మీద వచ్చింది. తర్వాత పారిస్‌లో ఇద్దరు తెల్ల మగవాళ్ళ ప్రేమ రాస్తే, మొదటి నవల వేసిన ప్రచురణకర్తే వద్దన్నాడు. వేరే సంస్థ 1956లో వేసింది. 1964లో అదే మనిషి జాతి ద్వేషంతో జరిగిన ఒక హత్య మీద నాటకం రాసి బ్రాడ్వేలో ఆడించాడు. మన వసుధేంద్ర గారు ‘మోహనస్వామి’ తర్వాత అదే రకం ఇంకోటి రాసి ఊరుకోలేదు. 2019లో పోర్చుగల్ నుంచి విజయనగర సామ్రాజ్యం దాకా సాగే చారిత్రక నవల ఇచ్చారు. పుణేలో ఆర్. రాజారావు గారు కవిత్వం, నాటకాలు, నవలలు అన్నీ రాస్తూ విశ్వవిద్యాలయంలో పాఠం కూడా చెప్పారు. చదువుకునేటప్పుడు మగవాళ్ళ పుస్తకాల దగ్గరే ఆగకు. హిజ్రా రచయిత్రి రేవతి గారి ఆత్మకథను పి. సత్యవతి గారు తెలుగు చేశారు, ఆ అనువాదానికే 2019 సాహిత్య అకాడమీ బహుమతి. రేవతి గారు ఈ బెంగళూరులోనే, మనలాంటి వాళ్ళ హక్కుల కోసం పనిచేసే సంగమ అనే సంస్థలో పనిచేసిన మనిషి. ఆ పుస్తకం ముందు నీ హీరో కష్టాలు ఎంత సుకుమారంగా ఉంటాయో చూసుకుంటే నీకే మంచిది.

నీ రెండో నవల ఏమిటో నాకు తెలుసు. నువ్వు ఉత్తరం చివర మాటవరసకు రాసిన మీ మేనత్త. టమోటా మండీలో మగవాళ్ళ మధ్య కూర్చుని వేలం పాడే ఆవిడ. ఆవిడ నవలలో గే పాత్ర ఒక్కటీ లేకపోయినా ఫరవాలేదు. ఉన్నా ఫరవాలేదు. ఇప్పటి నుంచే వెళ్ళినప్పుడల్లా మండీలో కూర్చో, ధరలు రాసుకో, ఆవిడ తిట్లు రాసుకో.

వచ్చే నెల రెండో ఆదివారం మా ఇంట్లోనే నాటకం చదివిద్దాం. మెట్రో దిగి నడిచి రావచ్చు. అమ్మ పాత్ర చదవడానికి కింది వాటా ఆవిడను అడిగాను, ఒప్పుకుంది, ఆవిడది పీలేరు. ఓనరు పాత్రకు కన్నడం వచ్చినవాణ్ణి నువ్వు తీసుకురా. 377 ఉపన్యాసం తీసేసిన ప్రతే తే. కాగితం మీద తే, ఫోనులో నేను చదవలేను, అక్షరాలు పెద్దవి పెట్టు. ఈసారైనా పేజీ నంబర్లు వెయ్యి.

ఆశీస్సులతో,
మీ పెద్దాయన